కింద కారిన నీళ్లు, పైన పడిన నింద

మా సిరిసిల్లలో మెల్లగా మాట్లాడేవాళ్లు దొరకరు. మరమగ్గాలను మేం సాంచాలు అంటాం. మా ఇంటికి ఆనుకొని ఉన్న రేకుల షెడ్డులో నాలుగు సాంచాలున్నాయి. కుడి పక్కింట్లో ఎనిమిది, ఎదురింట్లో ఆరు. పొద్దున మొదలుపెడితే రాత్రి పది గంటలకు పాళీ దిగేదాకా అన్నీ కలిసి కొడుతూనే ఉంటాయి. ఈ మోతలో ఉప్పు డబ్బా అందుకొమ్మని చెప్పాలన్నా గొంతు చించుకోవాలి. బయటి ఊరి చుట్టాలు వస్తే మేం పొద్దస్తమానం కొట్లాడుకుంటున్నామని అనుకుంటారు. నా విషయంలో సగం రోజులు వాళ్ల అనుమానం నిజమే. కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది, దాన్ని ఎవరూ పిలవాల్సిన పని లేదు.

మా ఆయన చెవులు ఈ మోతకే పోయాయి. పూర్తిగా పోలేదు. అన్నానికి పిలిస్తే వినబడుతుంది, పని చెబితే వినబడదు. సాంచాలు పెట్టుకోకముందు ఆయన నూలుకు రంగులద్దే కార్ఖానాలో చాలా ఏళ్లు చేశాడు. రంగు తొట్ల పక్కన గొంతుకూర్చొని, కూర్చొని మోకాళ్లు అరగదీసుకున్నాడు. ఇక కింద కూర్చుంటే లేవలేవని మూడేళ్ల కింద డాక్టర్ చెప్పాడు. అప్పటిదాకా మా అందరికీ ఇంటి వెనక ఉన్న పాత లెట్రినే గతి. ఆయన కోసమని బాత్రూంలో ఒక మూల కమోడ్ పెట్టించాం. దాన్ని ఆయన తప్ప ఎవరూ వాడరు. నేనొకసారి ప్రయత్నించాను. కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుంటే ఏదో సర్కారు ఆఫీసుకు వచ్చినట్టు అనిపించింది. ఎంతసేపు కూర్చున్నా పని కాలేదు.

మా పై వాటాలో కిరాయికి ఒక కుటుంబం ఉంటుంది. కాగజ్‌నగర్‌లో మిల్లు మూతపడ్డాక ఇటు వచ్చారు. భర్త స్కూటర్ మీద బట్టల మూట కట్టుకొని ఊళ్లు తిరిగి అమ్ముతాడు, వారంలో రెండు రోజులే ఇంట్లో కనిపిస్తాడు. ఆమె ఇంట్లోనే మిషన్ మీద లంగాలు కుడుతుంది. ఇంట్లో వాళ్లు ఉర్దూ మాట్లాడుకుంటారు, నాతో తెలుగే. నన్ను అక్కా అంటుంది, నేను చెల్లె అంటాను. నాకు గర్భసంచి ఆపరేషన్ అయినప్పుడు పదిహేను రోజులు మా ఇద్దరికీ వండిపెట్టింది ఆమే. నా పొయ్యి మీద పాలు పొంగే వాసన నాకంటే ముందు ఆమెకు తెలుస్తుంది. "అక్కా, పాలు!" అని పైనుంచి ఒక్క కేక వేస్తుంది. ఆ మోతలో కూడా ఆ కేక నాకు వినబడుతుంది. అంత దగ్గరి మనిషి.

నల్లా నీళ్లు మాకు దినం తప్పి దినం వస్తాయి, అదీ ఒక గంట. సంపులో పట్టుకొని మోటరు వేసి డాబా మీది ట్యాంకు నింపుకుంటాం. రెండు ఇళ్లకూ అదే ట్యాంకు. ఒకసారి నింపితే రెండు రోజులు ఢోకా ఉండేది కాదు. పోయిన ఎండాకాలంలో ఏమొచ్చిందో తెలియదు, పొద్దున నింపితే పొద్దు గూకేసరికి ట్యాంకు అడుగంటేది.

సరిగ్గా అప్పుడే చెల్లె కూతురు పురుటికి పుట్టింటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. పైన డాబా మీద తాళ్లకు పసిగుడ్డ బట్టలు బారులు తీరి ఆరుతున్నాయి. రెండు పోగులు కనబడితే ముడి వేయడం మా కులవృత్తి. ట్యాంకు ఖాళీ కావడం ఒక పోగు, పసిపిల్ల రావడం ఇంకో పోగు. ముడి వేసేశాను. గట్టిగానే పడింది.

నిజం చెప్పాలంటే, చెల్లె నాకు ముందే చెప్పింది. ఒకసారి కాదు, మూడుసార్లు. మెట్ల మీద నిలబడి, "అక్కా, రాత్రి సాంచాలు ఆగినంక మా బాత్రూం గోడల్నుంచి నీళ్లు కారుతున్న చప్పుడొస్తుంది. కింద మీ దిక్కుకెల్లి వస్తున్నట్టుంది. జర చూస్కో" అంది.

"నీ చెవులు మోగుతున్నయేమో చెల్లె. మా ఇంట్ల నల్లాలన్ని మంచిగనే ఉన్నయి" అన్నాను మొదటిసారి. రెండోసారి, "చూసిన, ఏం లేదు" అన్నాను, చూడకుండానే. మూడోసారి ఏమన్నానో గుర్తు లేదు. బహుశా ఏమీ అని ఉండను, చెయ్యి ఊపి ఉంటాను.

ఒక ఆదివారం తలకు పోసుకుంటున్నాను. కుంకుడు రసం పెట్టి రుద్దుకున్నాక నల్లా తిప్పితే గాలి తప్ప ఏమీ రాలేదు. కళ్లు మండుతున్నాయి, ఒళ్లు మండుతోంది. చీర చుట్టుకొని, నురుగు తలతోనే వాకిట్లోకి వచ్చి మెట్ల కింద నిలబడి అరిచాను.

"ఏం, మీరు నీళ్లు వాడుకుంటున్నరా, తోడి పారబోస్తున్నరా? గింత పసిపోరికి చెరువంత నీళ్లు కావాల్నా? కిరాయికున్నోళ్లు కిరాయికున్నట్టు ఉండాలె. ఇల్లు రాసిచ్చిన్నా మీకు?"

సాంచాలకు అలవాటుపడిన గొంతు కదా, మా వాడ మొత్తానికి వినబడింది. ఎదురింటాయన సాంచ ఆపి మరీ బయటికి వచ్చాడు. చెల్లె తడి బట్టల బకెట్ పట్టుకొని పైన నిలబడి ఉంది. "అక్కా, మేం గాదు..." అని ఏదో చెప్పబోయింది.

"నువ్వేం చెప్పకు. నాకు కండ్లు లేవా?" అన్నాను. కుంకుడు రసంతో ఆ కళ్లు సగం మూసుకుపోయి ఉన్న సంగతి నాకు తట్టలేదు.

అంతటితో ఆగి ఉంటే నేను నేను కాను. మర్నాడు డాబా ఎక్కి పై వాటాకు పోయే పైపు గేట్‌వాల్ మూసేశాను. పొద్దున అరగంట, సాయంత్రం అరగంట నీళ్లు వదులుతానని ఒక కాగితం మీద రాసి మెట్ల గోడకు అంటించాను. అయినా ట్యాంకు ఖాళీ అవుతూనే ఉంది. నేను లేనప్పుడు వాల్ తిప్పుకుంటున్నారని వాల్‌కు గొలుసు చుట్టి తాళం వేశాను. అయినా ఖాళీ. అయితే ఆ అరగంటలోనే రెండు రోజుల నీళ్లు పట్టి దాచుకుంటున్నారని తేల్చాను. నా తెలివికి నాకే ముచ్చటేసింది. గురివింద గింజకు తన కింది నలుపు తెలియదంటారు. నాకు పైది కూడా తెలియలేదు.

చెల్లె ఒక్క మాట తిరిగి అనలేదు. బిందె చంకనేసుకొని వాడ చివరి బోరింగుకు పోయి నీళ్లు కొట్టుకొచ్చేది. నా వాకిలి ముందునుంచే పోవాలి. పోయేది, వచ్చేది, ఇటు చూసేది కాదు. పాలు పొంగితే కేక రాలేదు. మూడు రోజుల్లో రెండుసార్లు గిన్నె మాడగొట్టాను.

వారం తిరిగేసరికి ఎదురింటామె వచ్చి, "మీ పై వాటా వాళ్లు ఇల్లు చూస్కుండ్రట గదా. ఒకటో తారీఖు పోతరట" అంది.

"పోతే పోనియ్. పీడ పోతది" అన్నాను.

ఆమె వెళ్లిపోయాక సాంచాలకు నూలు కండెలు చుట్టడానికి కూర్చున్నాను. చెయ్యి ఆడలేదు. ఆ వాటాలో ఇంకొకరిని ఊహించుకోబోతే ఊహ రాలేదు. పదేళ్లుగా పండక్కి కొత్త చీర కట్టుకుంటే ముందు ఎక్కేది ఆ మెట్లే. కోపం వచ్చినంత తేలిగ్గా నాకు ఏడుపు రాదు, కానీ ఆ రోజు వచ్చింది. అయినా మెట్లెక్కి వద్దు పోకు అని చెప్పలేదు. తప్పు వాళ్లదైనప్పుడు నేనెందుకు దిగిరావాలి అనుకున్నాను.

రెండు రోజుల తర్వాత మా వాడలో కరెంటు పోయింది. ఎక్కడో ట్రాన్స్‌ఫార్మర్ మారుస్తున్నారట, సాయంత్రందాకా రాదన్నారు. మా నాలుగు సాంచాలు ఆగాయి, పక్కింటివి ఆగాయి, ఎదురింటివి ఆగాయి. ఫ్యానులు కూడా ఆగాయి. పట్టపగలు మా వాడ అంత నిశ్శబ్దంగా ఉండడం నేను ఎన్నడూ ఎరగను. ఎక్కడో ఎవరో దగ్గితే వినబడింది. చెయ్యి కడుక్కుందామని బాత్రూంలోకి పోయాను.

సుర్ర్ర్‌మని సన్నగా ఒక చప్పుడు.

నల్లా చూశాను, మూసే ఉంది. షవర్ చూశాను, అది పెట్టించిన నాటినుంచీ రాదు. కమోడ్ మూత ఎత్తాను. వెనక గోడ పొడుగునా నీళ్లు సుతిలి తాడంత ధార కట్టి తీరుబాటుగా జారుతున్నాయి. ఎవరూ వాడలేదు, ఎవరూ నొక్కలేదు. పైన ఫ్లష్ ట్యాంకులోకి వచ్చిన నీళ్లు వచ్చినట్టే కమోడ్‌లోకి దిగిపోతున్నాయి. రాత్రీ పగలూ. దొంగకు తేలు కుట్టినట్టయింది నా పని.

మా ఆయనను లాక్కొచ్చాను. "ఇనవడుతుందా?" అన్నాను.

"ఏంది?"

"గది! గా నీళ్లు!"

ఆయన వంగి చూశాడు. మొహంలో ఆశ్చర్యం లేదు. "గదా? గది ఊకెనే వస్తది. మూన్నెల్ల సంది చూస్తున్న" అన్నాడు.

"మూన్నెల్ల సందా? మరి నాకెందుకు చెప్పలే?"

"నాకేమెరుక? గీ కుర్చీదొడ్డి గట్లనే ఉంటదేమో అనుకున్న. పట్నపోల్లది గద, నీళ్లు ఊకె నడుస్తుంటయనుకున్న."

ఆయనను తిడదామంటే తిట్లు మిగల్లేదు. అప్పటిదాకా అనాల్సినవన్నీ పై వాటా వాళ్ల మీద ఖర్చు పెట్టేశాను.

కమోడ్ ముందు పీట వేసుకొని కూర్చున్నాను. మూన్నెల్ల నీళ్లు, వాల్, తాళం, గోడకు అంటించిన కాగితం, బాలింత ఉన్న ఇంటికి బోరింగు నుంచి బిందెలు. అన్నీ వరసగా కళ్ల ముందుకు వచ్చాయి. మంచిమనిషినైతే అప్పుడే లేచి మెట్లెక్కి తప్పయిందని చెప్పాల్సింది. నాకు మొదట వచ్చిన ఆలోచన అది కాదు. ఈ సంగతి ఎవరికీ తెలియకుండా ఎలా బాగుచేయాలి అని వచ్చింది.

అందులో ఒక చిక్కుంది. మా వాడలో నల్లాల పని తెలిసినవాడు ఒక్కడే. అతను పై వాటా చెల్లెకు సొంత తమ్ముడు, వాళ్ల వెనకే కాగజ్‌నగర్ నుంచి వచ్చాడు. అతన్ని పిలిస్తే బాత్రూంలో అడుగుపెట్టిన మరుక్షణమే సంగతి మెట్లెక్కుతుంది. వేరే వాడ నుంచి మనిషిని పిలిస్తే, ఇతణ్ని కాదని వాణ్ని ఎందుకు పిలిచారని అందరూ అడుగుతారు. మింగలేను, కక్కలేను.

"మనమే చేస్కుందాం" అన్నాను.

"సాంచ విప్పి బిగించెటోన్ని, గిది నాకొక లెక్కనా?" అన్నాడు మా ఆయన. ఆయన అలా అన్నప్పుడల్లా ఇంట్లో ఏదో ఒకటి విరుగుతుంది. అయినా గతి లేక ఒప్పుకున్నాను.

ఫ్లష్ ట్యాంకు మూత తీశాం. లోపల కడ్డీ చివర ఒక ప్లాస్టిక్ బంతి తేలుతోంది. నీళ్లు నిండితే ఆ బంతి పైకి లేచి నీళ్లు రావడం ఆపుతుంది. ఎక్కువైతే పొర్లిపోవడానికి మధ్యలో ఒక గొట్టం ఉంది. అడుగున కమోడ్‌లోకి పోయే బెజ్జానికి రబ్బరు బిళ్ల ఒకటి మూతలా కూర్చొని ఉంది. మా ఆయన కాసేపు చూసి, బంతి సరిగా పైకి లేవడం లేదని, నీళ్లు గొట్టంలోంచి పొర్లి పోతున్నాయని తీర్పు చెప్పాడు. సాంచ మీద తెగిన పోగు అతికేవాడికి ప్రతి రోగానికీ మందు దారమే. నైలాన్ దారం నాలుగు పేటలు పెనవేసి, బంతిని పైకి లాగి ముడి మీద ముడి వేసి కట్టేశాడు. "ఇగ ఎన్నటికి కారదు" అన్నాడు.

ఆ మర్నాడు పొద్దున ఆయన లోపలికి పోయాడు. కాసేపటికి బాత్రూంలోంచి పెద్ద కేక.

"నీళ్లు రాలేయే! ఎంత నొక్కినా చెంబెడు గూడ రాలే!"

బంతిని అంత పైకి కట్టేస్తే ట్యాంకులోకి నీళ్లు ఎలా వస్తాయి? చెవులు సరిగా లేనివాడు ఎంత గట్టిగా అరుస్తున్నాడో వాడికి తెలియదు. "మెల్లగ, మెల్లగ" అని నేను తలుపు కొడుతుంటే, "ఏంది, కొల్లగనా? యాడ కొల్లగ, చుక్క లేదు!" అని ఇంకా గట్టిగా. సరిగ్గా అప్పుడే చెల్లె నీళ్ల బిందెతో మా వాకిలి దాటుతోంది. ఒక్క క్షణం ఆగింది. తర్వాత మెట్లెక్కి పోయింది. పోనీ ఆ చెంబెడు నీళ్లతో కారడం ఆగిందా అంటే అదీ లేదు. తల వంచి చూస్తే వచ్చిన ఆ కాసిన్ని నీళ్లూ ధార కట్టి పోతూనే ఉన్నాయి.

"అయితే అడుగున బిళ్ల సందుకెల్లి పోతున్నయి" అన్నాడు మా ఆయన, బంతికి కట్టిన దారం కొంచెం వదులు చేసి.

"ఎట్ల తెలుస్తది?"

"రంగేస్తే తెలుస్తది. కార్ఖానాల తొట్టి యాడ కారుతుందో మేం గట్లనే పట్టేది. నీళ్లు దాస్కుంటయి గని రంగు దాస్కోదు."

ఇది విని నాకు కొంచెం ధైర్యం వచ్చింది. ఇన్నేళ్ల కాపురంలో ఆయన తెలివిగా మాట్లాడినప్పుడు గుర్తుపట్టగలను. అటక మీది పాత డబ్బాల్లోంచి ఒకటి దించాడు. ఊదా రంగు, నూలుకు వేసేది. నేను చిటికెడు వేస్తాడనుకున్నాను. ఆయన చేతికి చిటికెడు అలవాటు లేదు, తొట్లకు వేసిన చెయ్యి. గుప్పెడు వేశాడు.

చెప్పినట్టే, గొట్టంలోకి నీళ్లు పొర్లలేదు. రెండు నిమిషాలకు కమోడ్ వెనక గోడ మీద ఊదా రంగు చార దిగింది. చూస్తుండగానే కమోడ్ అడుగంతా నేరేడు పళ్లు పిసికి పోసినట్టయింది. తప్పు అడుగున ఉన్న రబ్బరు బిళ్లదే.

"చూసినవా!" అన్నాడు మా ఆయన.

చూశాను. చూసిన సంతోషంలో, ఆ బిళ్లను తిరగేసి పెడితే సరిపోతుందేమోనని, ఆలోచించకుండా మోచేతిదాకా చెయ్యి ట్యాంకులోకి దించాను.

బిళ్ల తిరగబడింది. పాతపడి అంచు వంకర పోయిన బిళ్ల, ఎటు తిప్పినా వంకరే. కారడం ఇదివరకటి కంటే ఎక్కువైంది. నేను చెయ్యి బయటికి తీసేసరికి వేళ్ల నుంచి మోచేతిదాకా ఊదా. సబ్బుతో రుద్దాను, నిమ్మకాయతో రుద్దాను, కిరోసిన్ దొరక్క పెట్రోలు గుడ్డతో తుడిచాను. రంగు ఇంకా నిగనిగలాడింది. మా ఆయన నా చెయ్యి పట్టుకొని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశాడు. భార్య మీద జాలి కాదది, పనివాడి మురిపెం. "నేను తెచ్చిన రంగు. పదేండ్లు డబ్బాల ఉన్నా దమ్ము పోలే" అన్నాడు.

కమోడ్‌ను కూడా అలాగే రుద్దాను. కొత్తదైతే పోయేదేమో గానీ మూడేళ్ల ఉప్పు గార పట్టి ఉంది, గార రంగును తాగేసింది. ఆ కమోడ్ మీద కూర్చోవడానికి మా ఆయన రెండు రోజులు జంకాడు.

చెయ్యి ఎక్కడ దాచను? ఎండాకాలంలో తువ్వాల చుట్టుకొని తిరిగాను. ఎదురింటామె కాలిందా అంది, తలూపాను. బర్నాల్ తెచ్చి ఇచ్చింది. అది పూసుకున్నట్టు నటించాల్సి వచ్చింది. ఒక అబద్ధానికి ఇంత చాకిరీ ఉంటుందని నాకు తెలియదు.

మర్నాడు నల్లా వచ్చే దినం. సంపు మూత తీసి పైపు పెడుతుంటే తువ్వాల తడిసి జారిపోయింది. అప్పుడే చెల్లె ఖాళీ బిందెతో మెట్లు దిగింది. నా చెయ్యి చూసి నిలబడిపోయింది. బిందె కింద పెట్టి గబగబా దగ్గరికి వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"యా అల్లా! అక్కా, చెయ్యికేమైంది? నెత్తురు గడ్డకట్టిందా? దవాఖానకు పోదాం పా!"

పద్నాలుగు రోజులుగా నాతో మాట్లాడని మనిషి. నేను నీళ్లు ఆపితే బోరింగు కొట్టిన మనిషి. నా చెయ్యి పట్టుకొని దవాఖానకు లాగుతోంది. అప్పుడు ఇంకో అబద్ధం ఆడాలంటే దానికి తగిన గొంతు నాకు దొరకలేదు.

"నెత్తురు గాదు చెల్లె, రంగు" అన్నాను. సాంచాల మోతలో ఆమెకు వినబడలేదు. "ఏంది?" అంది. గట్టిగా చెప్పాల్సి వచ్చింది. "రంగు! మా కమోడ్ కారుతుంది! మూన్నెల్ల సంది నీళ్లన్ని మా ఇంట్లనే పోతున్నయి! మీ తప్పేం లేదు! తప్పు నాది!" ఎదురింటాయన మళ్లీ సాంచ ఆపి బయటికి వచ్చాడు. రానీ అనుకున్నాను.

చెల్లె నా చెయ్యి వదలలేదు. "నాకెరుకే అక్కా" అంది.

"ఎరుకనా?"

"పసిపోరిని చూడనీకె మా తమ్ముడు వచ్చిన దినమే చెప్పిండు. గోడకు చెవి పెట్టి, గిది కింది ఫ్లష్ ట్యాంకు చప్పుడు, లోపలి రబ్బరు వాచర్ పోయిందన్నడు. అప్పటికే నీకు మూడుసార్లు చెప్పిన. నాలుగోసారి చెప్తమంటే నువ్వేం చెప్పకు అన్నవ్."

నేను తల దించుకున్నాను. "ఒకటో తారీఖు పోకు చెల్లె" అన్నాను. ఈసారి గట్టిగా చెప్పలేకపోయాను. అయినా ఆమెకు వినబడింది.

చెల్లె నా చెయ్యి వదిలి, కింద పెట్టిన బిందె ఎత్తుకుంది. తర్వాత, "నేను ఆ ఇంటామెకు వస్తమని జబాన్ ఇచ్చిన. ఇచ్చిన మాట వాపస్ తీస్కునుడు నాతోని కాదు. వద్దంటే నువ్వే వచ్చి చెప్పు. ఎందుకు వద్దో గూడ చెప్పు. అందరి ముందట తిట్టినవ్ గద, ఒక్కల ముందటన్న నిజం చెప్పు" అంది. గొంతులో కోపం లేదు. అదే నాకు కష్టంగా అనిపించింది.

నేను ముందు డాబా ఎక్కి తాళం తీశాను. దిగుతూ గోడ మీది కాగితం చింపేశాను. మైదాతో అంటించాను కాబట్టి సగమే వచ్చింది. మిగతా సగం గోకుతుంటే ఆమె కూతురు తలుపు చాటునుంచి చూసి నవ్వింది.

చెల్లె తమ్ముడు సాయంత్రం వచ్చాడు. ట్యాంకు మూత తీసి చాలాసేపు కదలకుండా నిలబడ్డాడు. "పెద్దక్కా, గీ దారాలు ఎవరు కట్టిండ్రు?" అన్నాడు. మా ఆయన గర్వంగా ముందుకొచ్చాడు. "గీ ముడి నాతోని రాదు బావా, కత్తెర తెండ్రి" అన్నాడు అతను. కొత్త వాచర్ వేయడానికి పది నిమిషాలు పట్టింది, దారాలు తెంపడానికి ఇరవై. కమోడ్ రంగు చూశాడు గానీ ఏమీ అడగలేదు. ఆ మర్యాద అక్క దగ్గరే నేర్చుకొని ఉంటాడు.

మరుసటి రోజు చెల్లె వెంట బయల్దేరాను. ఆ ఇల్లు మార్కెట్ వెనక గల్లీలో ఉంది. మాలాగే కింద ఓనరు, పైన కిరాయి వాటా. ఇంటామె నాకంటే పెద్దది, అరుగు మీద కూర్చొని చాటలో బియ్యం ఏరుతోంది. చెల్లె నన్ను చూపించి పక్కకు తప్పుకొని నిలబడింది. దారంతా మాటలు అల్లుకుంటూ వచ్చాను, అక్కడికి పోయాక ఒక్కటీ గుర్తు రాలేదు. ఉన్నదున్నట్టు చెప్పేశాను. కుంకుడు రసం దగ్గర్నుంచి రంగు దాకా. వాల్‌కు తాళం వేసిన సంగతి దాటేయబోతే, చెల్లె వెనకనుంచి, "చెప్పు అక్కా" అంది. అదీ చెప్పాను. ఆమె నవ్వుతుందనుకున్నాను, లేదా మాట తప్పినందుకు తిడుతుందనుకున్నాను.

ఆమె చాట పక్కన పెట్టింది. "చప్పుడు ఎట్లుంటదన్నవ్?" అంది.

"సన్నగ ఉంటదమ్మ. సుర్రుమని. ఇంట్ల మోత ఉంటే ఇనరాదు."

ఆమె లేచి లోపలికి పోయింది. టీవీ ఆగిపోయింది. ఫ్యాను కూడా ఆపినట్టుంది. ఏదో తలుపు తెరుచుకున్న చప్పుడైంది. మేమిద్దరం అరుగు మీద నిలబడే ఉన్నాం. చాలాసేపటికి కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి అరుగు మీద కూర్చుంది. మళ్లీ చాట తీసుకోలేదు.

"పైన భార్యాభర్తలుండిరి, ఇద్దరు పిల్లలు" అంది మాతో కాకుండా వాకిలితో చెబుతున్నట్టు. "నీళ్లు పారబోస్తుండ్రని నేనే ఎల్లగొట్టిన. వాళ్లు పోయి నెల దాటింది. ట్యాంకు ఇంక గట్లనే ఖాళీ అయితుంది. మోటరు ఖరాబైందనుకున్న." మళ్లీ తనే, "పెద్దపోరడు పోయేటప్పుడు గూడ నానమ్మా పోతున్నం అన్నడు. యాడికి పోతున్నరని నేను అడుగలే. ఫోన్ నంబరు గూడ లేదు" అంది.

మీరు రాకున్నా సరే అన్నట్టు చెల్లె వైపు చెయ్యి ఊపింది. వాచర్ మార్చడానికి తమ్ముణ్ని పంపుతానని చెల్లె చెప్పింది. ఆమె సరే అని తలూపింది గానీ విన్నట్టు లేదు.

తిరుగు దారిలో నేను ఆ ఇంటి గురించి అడగడం మొదలుపెట్టాను. గదులు ఎన్ని, గాలి వస్తుందా, మిషన్ ఎక్కడ వేసుకుందామనుకున్నావు, పసిపిల్లకు ఉయ్యాల కట్టడానికి దూలం ఉందా అని. చెల్లె అన్నిటికీ చెబుతూ వచ్చి, చివరికి నవ్వి, "ఇప్పుడెందుకే అక్కా గివన్ని? పోతలేం గద" అంది.

"నువ్వు యాడికి పోతున్నవో నేను గూడ అడుగలే చెల్లె" అన్నాను.